కాటాకు ముద్ర ఉంటుంది, మందు వార్తకు ఉండదా?

సంపాదకులు గారికి నమస్కారం.

ముప్పై ఏళ్లుగా మీ పత్రిక మా ఇంటికి వస్తోంది. ఇంతవరకూ ఒక్క ఉత్తరం రాయలేదు. ఇది రాయడానికి మూడు రోజులు పట్టింది. రెండు పేరాలు కాగానే ఆయాసం వస్తుంది, ముక్కు గొట్టం సర్దుకుని కాసేపు గోడకు ఆనుకుని మళ్లీ కలం పట్టుకోవాలి. చోటు చాలక కత్తిరించాల్సి వస్తే నా సొంత గోల ఎంతైనా కత్తిరించండి. మీ పత్రికలో వచ్చిన 'పీల్చే మందు' వార్త చదివి ఒకరు నెబులైజర్‌లో మాత్ర కలిపిన సంగతి మాత్రం ఉంచండి. ఈ ఉత్తరం దానికోసమే.

నాకు 68 ఏళ్లు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. బేగంబజారు, మలక్‌పేట గంజ్, మోండా మార్కెట్, ఊరు చుట్టూ ఉన్న పెట్రోలు బంకులు, ఇవే నా లోకం. మేం సంచీలో సరిచూసిన రాళ్లు పెట్టుకుని వెళ్లేవాళ్లం. దుకాణదారు కాటా మీద మా రాయి పెడితే గానీ వాడి తూకం నిజమో అబద్ధమో తెలియదు. బంకులో ఐదు లీటర్ల కొలపాత్ర పెట్టి పట్టించేవాళ్లం. మీటరు మీద అంకె చూసి నమ్మిన రోజు లేదు.

2022లో నాకు ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టే జబ్బు ఉందని తేలింది. డాక్టర్లు ఐపీఎఫ్ అంటారు. ఆ మొదటి అక్షరానికి 'కారణం తెలియనిది' అని అర్థమట. స్పాంజిలా ఉండాల్సిన ఊపిరితిత్తి అంచుల నుంచి, అడుగు నుంచి గట్టిపడుతూ పైకి వస్తుంది. సీటీ ఫిల్ములో తేనెపట్టు గళ్లలా కనిపిస్తుంది. వీపు మీద స్టెతస్కోపు పెడితే వెల్క్రో పట్టీ ఊడదీసినట్టు చప్పుడు వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. మందు లేకపోతే జబ్బు బయటపడ్డాక సగం మంది మూడు నుంచి ఐదేళ్ల లోపే పోతారు. ఈ మాట ఆమె నెమ్మదిగా చెప్పింది. నేను మాత్రం లెక్కలవాడిని కాబట్టి వెంటనే వేళ్లు మడిచాను.

అది తేలేలోపు జరిగిందీ చెప్పాలి. ముందు ఆరు నెలలు టీబీ మందులు మింగాను. కళ్లెలో టీబీ దొరకలేదు, అయినా 'ఫోటోలో మచ్చలున్నాయి కదా' అన్నారు. తర్వాత నాలుగు నెలలు స్టెరాయిడ్లు. మొహం గుమ్మడికాయలా అయింది, ఆయాసం అలాగే ఉంది. మధ్యలో మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ దగ్గర క్యూలో నిలబడి చేపమందు కూడా మింగాను. వాళ్ల తప్పేమీ లేదు, అది ఉబ్బసానికి ఇచ్చేది. నాది ఉబ్బసం కాదని నాకే తెలియదు అప్పటికి.

ఇక అసలు విషయం. కొన్ని వారాల కింద మీ ఆరోగ్యం పేజీలో తొమ్మిది లైన్ల వార్త ఒకటి వచ్చింది. శీర్షిక: 'ఊపిరితిత్తుల మచ్చలకు పీల్చే మందు వచ్చేసింది'. ఏ మందు, ఎవరి మీద చూశారు, ఎంతమంది, దేంతో పోల్చారు, ఎక్కడ దొరుకుతుంది, ఇవేవీ లేవు. ఆ వారం మా ఇంటికి పదకొండు ఫోన్లు వచ్చాయి. మా మేనకోడలు కరీంనగర్ నుంచి, 'మామయ్యా, ఇక మాత్రలు మానేసి పీల్చేది తెచ్చుకో' అంది. వారాసిగూడలో మా పక్క పోర్షన్ కుర్రాడు ఫోన్లో మూడు నెబులైజర్ల బొమ్మలు చూపించి, 'అంకుల్, ఆర్డర్ పెట్టేయనా?' అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఓపీలో పరిచయమైన ఒక పెద్దమనిషికి నవ్వు రాలేదు. బాలానగర్‌లో లేత్ మిషన్ మీద ముప్పై ఏళ్లు పనిచేసినవాడు. ఇద్దరం మంగళవారం లైన్లో నిలబడి నిలబడి స్నేహితులమయ్యాం. ఆయనకూ నాకూ మాత్ర ఒకటే, పిర్ఫెనిడోన్. మీ వార్త ఆయన కొడుకు చదివాడు. ఇంట్లో మనవడి దగ్గుకు కొన్న నెబులైజర్ ఉంది. 'మింగే మందే పీల్చేది కూడానట, పీలిస్తే నేరుగా లోపలికే పోతది' అని రెండు మాత్రలు రోట్లో నూరి, సెలైన్ నీళ్లలో కలిపి, కప్పులో పోసి మాస్కు పెట్టాడు. నాలుగు నిమిషాల్లో మొదలైన దగ్గు ఆగలేదు. వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ 70ల్లోకి పడిపోయింది. ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు, మూడు రాత్రులు అక్కడే. ఇప్పుడు ఇంటికొచ్చాడు కానీ ముందు మెట్లు ఎక్కేవాడు, ఇప్పుడు ఎక్కడం లేదు. నేను చూడ్డానికి వెళ్తే కొడుకు తల ఎత్తలేదు. ఆయన మాత్రం, 'పేపర్ల వచ్చింది గదా సార్, ఏమైతది అనుకున్నం' అన్నాడు.

పేపర్లో వచ్చింది కదా అన్న ఆ మాట నన్ను మూడు రోజులు నిద్రపోనివ్వలేదు.

అందుకే ముందు ఇది చెబుతాను. దయచేసి ఎవరూ మాత్ర నూరి నెబులైజర్‌లో పోయకండి. మాత్రలో మందొక్కటే ఉండదు. గట్టిగా నిలవడానికి పిండి, అచ్చుకు అతుక్కోకుండా పొడి, పైన పూత ఉంటాయి. కడుపు వాటిని అరిగించుకుంటుంది. ఊపిరితిత్తికి ఆ పని రాదు. పీల్చడానికి చేసే మందు వేరేగా తయారవుతుంది: సూక్ష్మజీవులు లేకుండా, ఉప్పు పాళ్లు సరిచూసి. దాన్ని తుంపరగా మార్చే యంత్రం కూడా కొలత ప్రకారం తుంపర చేయాలి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తుంపర బొట్టు ఒకటి నుంచి ఐదు మైక్రాన్ల మధ్య ఉంటేనే లోపలి గదుల దాకా పోతుంది. అంతకంటే లావైతే గొంతులోనే కూర్చుంటుంది, మరీ సన్ననిదైతే ఊపిరి వదిలినప్పుడు బయటికే వచ్చేస్తుంది. నా సర్వీసులో ఇంత సన్నని కొలత నేనెప్పుడూ చూడలేదు. మనవడి దగ్గు మిషన్‌కి ఇది తెలుస్తుందా?

మరి పీల్చే మందు అన్నది ఒట్టి మాటా అంటే, కాదు. అందుకే కోపం ఎక్కువైంది. నిజంగా చెప్పదగ్గ సంగతి ఉండి కూడా చెప్పలేదు.

2014 అక్టోబరులో అమెరికాలో ఒకే రోజు ఈ జబ్బుకు రెండు మాత్రలకు అనుమతి వచ్చింది: పిర్ఫెనిడోన్, నింటెడానిబ్. రెండూ జబ్బును తగ్గించవు, పరుగెత్తేదాన్ని నడిపిస్తాయి. ఒకటి మింగితే అన్నం వాసన పడదు, ఎండ తగిలితే చర్మం కందిపోతుంది. హైదరాబాద్ ఏప్రిల్‌లో ఎండ తగలకుండా బతకమంటే ఎలా? నల్ల గొడుగు, ఫుల్ చేతుల చొక్కా వేసుకుని పాల ప్యాకెట్‌కి వెళ్తుంటే వీధి పిల్లలు నన్ను 'డిటెక్టివ్ తాత' అంటారు. రెండో దానికి విరేచనాలు. కడుపులోంచి రక్తంలోకి, రక్తంలోంచి ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తికి చేరాలి కాబట్టి ఇన్ని తిప్పలు. నేరుగా ఊపిరితిత్తికే పంపితే తక్కువ మందుతో సరిపోతుందేమో అన్నది ఆలోచన. పిర్ఫెనిడోన్‌ని పీల్చే ద్రావణంగా చేసి 91 మంది మీద చూశారు, ఆ ఫలితాలు 2023లో వచ్చాయి. పీల్చినవాళ్లకు ఇచ్చిన పెద్ద మోతాదు రోజుకు 200 మిల్లీగ్రాములు. పాశ్చాత్య దేశాల్లో మింగే పూర్తి మోతాదు 2,403. అంటే పన్నెండో వంతు. వినడానికి బాగుంది. కానీ ఆ పరీక్షలో ఉత్తుత్తి మందు, అంటే చూడ్డానికి అలాగే ఉండి లోపల మందు లేనిది, పీల్చిన జట్టు లేదు. అంటే కాటా మీద సరుకు ఉంది, రెండో పళ్లెంలో రాయి లేదు. అందుకే ఉత్తుత్తి మందుతో పోల్చే పెద్ద పరీక్ష తర్వాత మొదలుపెట్టారు. మీ తొమ్మిది లైన్లలో ఈ రెండో ముక్క ఉండి ఉంటే బాలానగర్‌లో ఆ రోలు బయటికి వచ్చేది కాదు.

ఇంకో మందు ట్రెప్రోస్టినిల్. ఇది ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ పెరిగినవాళ్లకు ఎప్పటి నుంచో ఉన్నదే. మచ్చలతో పాటు ఆ బీపీ కూడా ఉన్న 326 మందికి 16 వారాలు పీల్పించి చూశారు, 2021లో ఫలితం అచ్చయింది. చూద్దామనుకున్నది ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారన్నది. ఉత్తుత్తి మందు వాళ్లతో పోలిస్తే నడక 31 మీటర్లు మెరుగైంది. ఈలోగా పక్కన రాసిపెట్టుకున్న ఊపిరి కొలతలు చూస్తే అవి కూడా కాస్త మెరుగ్గా కనిపించాయి. దాంతో బీపీ సంగతి పక్కన పెట్టి, మచ్చల జబ్బు ఉన్నవాళ్ల మీదే రెండు పెద్ద పరీక్షలు పెట్టారు. అందులో ఒకదాని ఫలితం 2025 సెప్టెంబరులో కంపెనీ ప్రకటించింది. దాదాపు 600 మంది, ఏడాది పాటు, రోజుకు నాలుగుసార్లు పీల్చారు. చాలామంది అప్పటికే మాత్రలు మింగుతున్నవాళ్లు. ఉత్తుత్తి మందు జట్టుతో పోలిస్తే మందు పీల్చిన జట్టుకు ఊపిరి కొలతలో 95.6 మిల్లీలీటర్లు మెరుగు.

ఆ అంకె దగ్గర ఆగుతాను, ఎందుకంటే అది నా వృత్తి. నిండా గాలి పీల్చి, ఉన్నదంతా బలంగా ఊదితే ఎంత గాలి వస్తుందో అదీ కొలత. పీఎఫ్‌టీ, అంటే ఊపిరి పరీక్ష చేసే గదిలో టెక్నీషియన్ అమ్మాయి ముక్కుకు క్లిప్పు పెట్టి 'ఊదండి ఊదండి ఊదండి, ఇంకా ఇంకా ఇంకా' అని అరుస్తుంది. మూడుసార్లు ఊదేసరికి కళ్ల ముందు చుక్కలు కనబడతాయి. ఇంట్లో మా ఆవిడ '95 అంటే ఎంతండీ?' అని అడిగింది. దగ్గు మందు మూత పది మిల్లీలీటర్లది. తొమ్మిదిన్నర మూతల నీళ్లు స్టీలు గ్లాసులో పోసి చూపించాను. గ్లాసు సగం కూడా కాలేదు. 'ఇంతేనా?' అంది. ఇంతే. కానీ పోయిన ఏడాది నాకు తగ్గింది 180. అందులో తొమ్మిదిన్నర మూతలు మిగిలి ఉంటే బాత్రూముకు వెళ్లొచ్చి మంచం మీద కూర్చున్నాక మాట్లాడగలిగేవాణ్నేమో. 'వచ్చేసింది' అన్న మాట అబద్ధం, 'ఇంతేనా' అన్న మాట కూడా పూర్తి నిజం కాదు. పత్రికలో ఈ మూతల లెక్క రాసి ఉంటే మా ఆవిడకు, మేనకోడలికి, అందరికీ అర్థమయ్యేది.

మా ఆవిడకు ఇంకో సందేహం వచ్చింది. 'చావుబతుకుల్లో ఉన్నవాడికి ఏడాది పాటు ఉత్తుత్తి ఆవిరి పీల్పించడం పాపం కాదూ?' నేను వెంటనే జవాబు చెప్పలేదు. తర్వాత స్టెరాయిడ్ల సంగతి చెప్పాను. ఏళ్ల తరబడి ఈ జబ్బుకు ప్రెడ్నిసోన్, అజథయోప్రిన్, ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ మూడూ కలిపి ఇచ్చేవాళ్లు. మంచి జరుగుతోందనే అందరి నమ్మకం. అమెరికాలో ఉత్తుత్తి మాత్రలతో పోల్చి చూస్తే, 80 మందికి లోపే ఉన్న ఒక్కో జట్టులో, ఉత్తుత్తి మాత్రల వైపు ఒకరు చనిపోతే మందుల వైపు ఎనిమిది మంది చనిపోయారు. 2011లోనే ఆ మూడు మందుల జట్టును మధ్యలో ఆపేశారు. ఆ మూడింట్లో ఒకటి నేను నాలుగు నెలలు మింగిందే. రెండో పళ్లెంలో రాయి పెట్టకుండా ఎన్నేళ్లు తూచారో చూడండి. ఉత్తుత్తి ఆవిరి పీల్చినవాళ్లే ఆ రాయి. వాళ్లకు రోజుకు నాలుగుసార్లు పీల్చడం, దగ్గు, ఆసుపత్రికి తిరుగుడు అన్నీ ఉన్నాయి, మందే లేదు. వాళ్ల గురించి ఏ వార్తలోనూ ఒక్క వాక్యం ఉండదు.

ఓడిపోయిన మందుల గురించీ ఉండదు. గెలెక్టిన్-3 అనే పదార్థాన్ని అడ్డుకునే పీల్చే మందు ఒకటి ఇదే జబ్బు మీద చూశారు. 2023 ఆగస్టులో అది పనిచేయలేదని తేలింది. తెలుగులో ఈ వార్త నా కంట పడలేదు, మా డాక్టరమ్మ చెబితే తెలిసింది. దొంగ కాటా పట్టుకున్నప్పుడు మేం పంచనామా రాసేవాళ్లం. నెగ్గిన వార్త మాత్రమే వేస్తే చదివేవాడికి ప్రతి మందూ నెగ్గేదే అనిపిస్తుంది.

నేనూ డాక్టరమ్మను ఒక ప్రశ్న అడిగాను. 'మచ్చ కట్టినచోట గాలే ఆడదు కదమ్మా, ఆవిరి మాత్రం అక్కడికి ఎలా పోతుంది?' ఆమె ఫైలు మూసి, 'అదే మా అందరి ప్రశ్న. పరీక్షల్లోనే తేలాలి' అంది. పైగా మా జబ్బుకు పొడి దగ్గు ముందే ఉంటుంది, పీల్చే మందు దాన్ని రేపుతుంది. ఇవి చిన్న అడ్డంకులు కావు.

ఇంకో పొరపాటు మీ శీర్షికలోనే ఉంది. 'ఊపిరితిత్తుల మచ్చలు' అంటే ఒక్క జబ్బు కాదు. 2017లో అచ్చయిన మన దేశపు లెక్కలో 19 నగరాల నుంచి 1,084 మందిని చూస్తే, ఐపీఎఫ్ ఉన్నవాళ్లు 14 శాతం లోపే. దాదాపు సగం మందికి ఉన్నది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్, అంటే పీల్చిన బూజు, పక్షుల రెట్టల ధూళి లాంటివి పడక వచ్చేది. వాళ్లలో మళ్లీ సగం మంది ఇళ్లలో ఎయిర్ కూలర్లు ఉన్నాయి. డాక్టరమ్మ నన్ను మొదట అడిగింది బీడీ గురించి కాదు, కూలర్‌లో నీళ్లు ఎన్నాళ్లకు మారుస్తారు, కిటికీ మీద పావురాలు వాలతాయా అని. ఈ ఊళ్లో ఆ రెండూ లేని ఇల్లు చూపించండి! ఐపీఎఫ్ మీద చూసిన మందు వాళ్లకూ పనిచేస్తుందని ఎవరు చెప్పారు? వాళ్లకు కావాల్సిన వార్త ముందు కూలర్ గడ్డి మార్చమని.

ప్రయోగం అంటే మన దగ్గర భయం కూడా ఉంది, దానికి కారణమూ ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు చాలా ఫారాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు. తర్వాత 2019లో కొత్త నిబంధనలు వచ్చాయి. అయినా మా ఓపీ లైన్లో ఎవరిని అడిగినా 'మనల్ని ఎలుకల్ని చేస్తరు' అంటారు. ఒక పక్క ఈ భయం, ఇంకో పక్క 'వచ్చేసింది' అన్న సంబరం. మధ్యలో చెప్పాల్సింది చెప్పేవాళ్లు లేరు.

సార్, మా శాఖ కాటా మీద ముద్ర వేసేది. ముద్రలో ఏ సంవత్సరం, ఏ త్రైమాసికం అన్నది ఉంటుంది. కూరగాయలు కొనే ఆవిడకు అది చదవడం రాకపోయినా, అది ఉందని తెలుసు. మందుల పరీక్షలకు కూడా అలాంటి ముద్ర ఒకటి ఉంది. సీటీఆర్ఐ అని దేశపు రిజిస్టరు, 2007లో మొదలైంది, 2009 జూన్ నుంచి మన దేశంలో జరిగే ప్రతి మందు పరీక్షనూ అందులో ముందే నమోదు చేయాలి. ఎవరు చేయిస్తున్నారు, ఎంతమందిని తీసుకుంటారు, ఏం కొలుస్తారు, ఏ ఊళ్లో ఏ ఆసుపత్రి, అన్నీ ఉంటాయి. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. పక్క పోర్షన్ కుర్రాడు నాకు పది నిమిషాల్లో చూపించాడు.

నేను అడిగేది ఇంతే. ఇక మీద పీల్చే మందు అని గానీ, మరే మందు అని గానీ వార్త వేస్తే, ఎంతమంది మీద, దేంతో పోల్చి, ఎన్ని మిల్లీలీటర్ల తేడా వచ్చిందో వేయండి. మన దేశంలో జరిగే పరీక్ష అయితే ఆ రిజిస్టరు నంబరు వేయండి. నంబరు లేకపోతే లేదని వేయండి. అదీ కష్టమైతే 'వచ్చేసింది' అన్న మాట ఒక్కటి మానండి.

ఇంకొకటి. ఆ తొమ్మిది లైన్లు పడిన పేజీలోనే, అంత పెద్ద అక్షరాల్లోనే, 'మాత్రలు నూరి నెబులైజర్‌లో వాడకూడదు' అని సవరణ వేయించండి. వచ్చే మంగళవారం నాకు చెకప్ ఉంది, మళ్లీ ఊదాలి. వస్తే ఆ కటింగ్ నాలుగు కాపీలు జిరాక్స్ తీయించి ఓపీ చీటీల కిటికీ పక్కన అతికిస్తాను. అతికించడానికి వాళ్లు ఒప్పుకోకపోతే లైన్లో నిలబడ్డవాళ్లకు చేతికిస్తాను. ఒక కాపీ బాలానగర్‌కు కూడా తీసుకెళ్లాలి.

ఇట్లు,
విశ్రాంత తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు,
వారాసిగూడ, సికింద్రాబాద్.
(పేరు ప్రచురించవద్దని మనవి. ఇంకా పదకొండు ఫోన్లు తట్టుకోలేను.)